బట్టమేక పిట్ట పోయింది, కృష్ణజింక మిగిలింది: ఎందుకిలా?

రేగడి_నేల | ఆదివారం, రాత్రి 9:12

మా వాడు ఆరో తరగతి. స్కూల్లో ప్రాజెక్ట్ ఇచ్చారు: అంతరించిపోతున్న ఒక పక్షిని, ఒక గిట్టల జంతువుని పోల్చి చార్ట్ మీద రాయాలట. మాది నందికొట్కూరు వైపు. పండక్కి ఊరొచ్చాం కదా, బట్టమేక (ఇంగ్లీషులో గ్రేట్ ఇండియన్ బస్టర్డ్), కృష్ణజింక రెండూ ఒక్క చోటే దొరుకుతాయని వాణ్ణి బండి మీద ఎక్కించుకుని రోళ్లపాడు అభయారణ్యానికి తీసుకెళ్లాను.

జింకలైతే లెక్కపెట్టలేనన్ని. వాడు అరవై దాకా లెక్కపెట్టి విసుగొచ్చి మానేశాడు. నల్ల మగజింక ఒకటి మెలికల కొమ్ములు వెనక్కి వాల్చి, ముట్టె పైకెత్తుకుని మా ముందు నుంచే దర్జాగా నడిచి పోయింది. బట్టమేక మాత్రం బోర్డు మీదే కనిపించింది. బోర్డు కూడా ఎండకి వెలిసిపోయింది, మెడ దగ్గర రంగు లేచిపోయింది.

"నాన్నా, ఇది పిట్ట కోసం పెట్టిన అడవి అన్నావు, పిట్ట ఏది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. 1988లో ఆ పిట్ట కోసమే కదా ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు జాగాని అభయారణ్యం చేసింది. రెండిటికీ ఒకే వన్యప్రాణి చట్టం, రెండూ ఒకటో షెడ్యూలే, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలోవే. ఒకే గడ్డి, ఒకే కంచె, ఒకే వాచర్. మరి ఒకటి వందలైతే రెండోది సున్నా ఎట్లా అయింది? తెలిసినవాళ్లు చెప్పండి.

---

తిక్కప్రశ్న | ఆదివారం, రాత్రి 9:40

ముందు చిన్న సవరణ. కృష్ణజింక ఇప్పుడు "అంతరించిపోతున్న" జంతువు కాదు. ఏ జీవికి ఎంత ప్రమాదం ఉందో లెక్కగట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ వాళ్లు 2017లోనే దాన్ని పెద్దగా భయం లేని జాబితాలో వేశారు. చార్ట్‌లో అట్లా రాస్తే టీచర్ మార్కులు కోస్తారు.

---

రేగడి_నేల | ఆదివారం, రాత్రి 9:44

కోస్తే కోయనీ అన్నా. టీచర్‌కి కూడా తెలిసుండదు.

---

స్వప్న_పిట్టలు | ఆదివారం, రాత్రి 10:25

మంచి ప్రశ్న. ఎనిమిదేళ్లుగా గడ్డిభూముల్లో పిట్టలు చూస్తూ తిరుగుతున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మొదట సంతానం లెక్క చూడండి. బట్టమేక ఆడది మూడు నాలుగేళ్లకి గానీ గుడ్డు పెట్టదు. పెడితే ఏడాదికి ఒక్కటి. అదీ గూడు గీడు లేకుండా నేల మీదే. నాలుగు వారాల దాకా పొదగాలి. ఈలోపు కుక్క, నక్క, ఉడుము, కాకి, గొర్రెల మంద కాలు, ఏదైనా దాన్ని పాడుచేయొచ్చు. పిల్ల బయటికి వచ్చినా ఏడాది పాటు తల్లి వెంటే తిరుగుతుంది.

జింక ఆడది రెండేళ్లలోపే ఈనడానికి సిద్ధం. ఆరు నెలలు మోస్తుంది, ఈనిన కొద్దిరోజులకే మళ్లీ కడుపుతో ఉంటుంది. మేత బాగుంటే రెండేళ్లలో మూడు పిల్లలు. పిల్ల పుట్టిన కొన్ని రోజులు గడ్డిలో నక్కి ఉంటుంది, ఆ తర్వాత మందతో సమానంగా పరిగెడుతుంది.

ఇప్పుడు ఇద్దరినీ చంపడం ఆపారనుకోండి. పదేళ్లు గడిస్తే జింకల మంద ఎక్కడికో పోతుంది. పిట్టలు మహా అయితే రెండు మూడు పెరుగుతాయి. ఆ పెరిగిన రెండు మూడులో ఒక్కటి చచ్చిపోతే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

---

తిక్కప్రశ్న | ఆదివారం, రాత్రి 10:41

> ఏడాదికి ఒక్కటి

ఈ లెక్క వేల ఏళ్ల నుంచీ ఇంతే కదా మేడమ్. అప్పుడు బతికిన పిట్ట ఇప్పుడెందుకు బతకట్లేదు?

---

స్వప్న_పిట్టలు | ఆదివారం, రాత్రి 11:05

అసలు విషయం అక్కడే ఉంది. ఒక్క గుడ్డే పెట్టే పక్షి పెద్దయ్యాక చాలాకాలం బతకాలి. మగది పద్నాలుగు పదిహేను కిలోల దాకా తూగుతుంది, నిలబడితే మీటరు ఎత్తు. అంత పెద్ద పిట్టను ఆకాశంలో పట్టుకునే శత్రువు దాదాపు లేదు. అందుకే తక్కువ పిల్లలతోనే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది. పెద్ద పక్షులు ఏడాదికి నాలుగైదు అదనంగా చావడం మొదలైతే చాలు, ఇంక తేరుకోలేదు.

జీపు, తుపాకి వచ్చాక రెండిటినీ వేటాడారు. స్వాతంత్ర్యం తర్వాతి ఇరవై ఏళ్లలో జింకలు దారుణంగా తగ్గాయి, పిట్టలూ తగ్గాయి. 1972 వన్యప్రాణి చట్టం వచ్చింది, తుపాకి దాదాపు ఆగింది. జింకను చంపేది ప్రధానంగా తుపాకి, ఉచ్చు. అవి ఆగేసరికి అది లేచి నిలబడింది. ఇప్పుడు దేశంలో యాభై వేల దాకా ఉంటాయని అంచనా. పిట్టకి మాత్రం తుపాకి పోయి వేరేవి వచ్చాయి. కాలవ, ట్రాక్టర్, పురుగుమందు, ఊరకుక్క, కరెంటు తీగ. వీటిలో ఒక్కటి కూడా కేసు పెట్టి జైల్లో వేసే రకం కాదు.

---

జొన్నచొప్ప | సోమవారం, ఉదయం 5:50

నేను రోళ్లపాడుకి నాలుగు కిలోమీటర్ల దూరంలో సేద్యం చేస్తా. మీరంతా జింక గెలిచింది, పిట్ట ఓడింది అంటున్నారు. మధ్యలో ఓడింది మేమే.

రాత్రంతా శనగచేను కాపు కాసి ఇప్పుడే ఇంటికొచ్చా. టైపు చేస్తుంటే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. శనగ మొలక నాలుగాకులు వేసిందంటే చాలు, మంద దిగుతుంది. అవి గొర్రె మాదిరి ఒక పక్క నుంచి మేసుకుంటా రావు. ఇక్కడొక కొస, అక్కడొక కొస కొరుక్కుంటా చేనంతా కలదిరుగుతాయి. తినేది ఒక పాలు, తొక్కేది మూడు పాళ్లు. చుట్టూ మా అమ్మ పాత చీరలన్నీ కట్టినాం, క్యాసెట్ టేపు లాగి కట్టినాం, అది గాలికి జుయ్యిమని మోగుతుంది. రెండు రోజులు బెదిరినాయి. మూడోరోజు చీర కిందనుంచి దూరినాయి.

ఒక దెబ్బ కొట్టడానికి లేదు. కొడితే నాన్ బెయిలబుల్ అంటారు. నష్టపరిహారానికి కాగితాలు పెట్టుకుంటే, వచ్చేసరికి ఇంకో పంట కూడా పోతుంది.

మా నాయన బట్టమేకను చాలాసార్లు చూసినాడు. జొన్న కోసిన మడికట్లో, కొర్ర చేలల్లో తిరుగుతుండేవట. మిడతలు, పేడపురుగులు, తొండలు, రేగుపండ్లు తినేవట. పైకి లేచేముందు పది అడుగులు పరిగెత్తేదట, బరువుకి. ఒక్క గింజ నష్టం చెయ్యలేదు అని ఇప్పటికీ అంటాడు. మంచిది పోయింది, మమ్మల్ని తినేది మిగిలింది.

---

కోసిగి_కుర్రాడు | సోమవారం, ఉదయం 7:15

అన్నా చివరి లైన్ 🙏

---

స్వప్న_పిట్టలు | సోమవారం, ఉదయం 8:30

జొన్నచొప్ప గారూ, మీరు చెప్పింది నిజం. మధ్యప్రదేశ్‌లో కరేరా అని ఒక చోటుంది, శివపురి జిల్లా. 1981లో బట్టమేక కోసమే అభయారణ్యం చేశారు. దాదాపు రెండొందల చదరపు కిలోమీటర్లు, కానీ అందులో చాలా భాగం రైతుల సొంత పొలాలే. మొదట్లో అందరూ సంతోషించారు. తర్వాత భూమి అమ్ముకోనివ్వలేదు, కొనుక్కోనివ్వలేదు. ఈలోగా కాపలా పుణ్యమా అని జింకలు విపరీతంగా పెరిగి పంటల మీద పడ్డాయి. ఊళ్లవాళ్లకి కోపం జింక మీద, కానీ అభయారణ్యం ఎవరి పేరు మీద ఉంది? పిట్ట పేరు మీద. కసి దాని మీద తీర్చుకున్నారు. 1990లు గడిచేసరికి అక్కడ పిట్ట లేదు. హోదా తీసేయమని రైతులు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి కొట్లాడారు.

రోళ్లపాడు కథ అచ్చంగా అదే అనను. కానీ పోలిక ఉంది.

---

తిక్కప్రశ్న | సోమవారం, ఉదయం 9:02

అంటే జింక తిండి మొత్తం తినేసి పిట్టను తరిమేసిందా?

---

స్వప్న_పిట్టలు | సోమవారం, ఉదయం 9:20

కాదు కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. జింక తినేది గడ్డి, పిట్ట తినేది ఎక్కువగా పురుగులు. తిండి దగ్గర గొడవ లేదు. పైగా జింక మేస్తే గడ్డి మరీ ఏపుగా పెరగదు. బట్టమేకకి మనిషి నడుముదాకా పెరిగిన గడ్డి నచ్చదు, దూరం కనబడాలి దానికి. మగది ఆడదాన్ని పిలవడానికి మెడకింద తిత్తి ఉబ్బించుకుని, తోక వీపు మీదికి విప్పుకుని నిలబడుతుంది. ఎవరికీ కనబడని గడ్డిలో అంత సింగారం దేనికి?

గొడవంతా కంచె బయట. ఆరు చదరపు కిలోమీటర్లు ఆ పిట్టకి నడక దూరం కూడా కాదు. వానాకాలంలో గుడ్డు పెట్టడానికి లోపలుండేది, మిగతా కాలం చుట్టుపక్కల జొన్న, కొర్ర, నువ్వు, వేరుశనగ పొలాల్లో, బీళ్లలో తిరిగేది. కాలవ నీళ్లొచ్చాక ఆ పొలాల్లో పత్తి, మిరప వచ్చాయి. ఏడాది పొడుగునా మనుషులు, మోటార్లు, మందు పిచికారీలు. జింక దీనికి అలవాటు పడింది. దానికి పచ్చగా ఏది కనబడినా మేతే. పిట్టకి ఆ వెసులుబాటు లేదు.

---

టవర్‌లైన్ | సోమవారం, మధ్యాహ్నం 1:35

నాదీ కర్నూలే. ప్రస్తుతం రాజస్తాన్ ఎడారిలో, జైసల్మేర్‌లో, సోలార్ కరెంటు మోసే ట్రాన్స్‌మిషన్ లైన్ల పని. ఇక్కడ నన్ను తిట్టబోయేవాళ్లు కొంచెం ఆగండి, ముందు చెప్పనివ్వండి.

దేశంలో మిగిలిన బట్టమేకల్లో దాదాపు అన్నీ ఇక్కడే ఉన్నాయి. బయట స్వేచ్ఛగా తిరిగేవి నూట యాభై దాకా ఉంటాయేమో. నేను మూడేళ్లలో నాలుగుసార్లు చూశాను. ఒకసారి పొద్దున్నే జీపులో వెళ్తుంటే రోడ్డు పక్కన దిబ్బ మీద నిలబడి ఉంది, ఎవరో పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డట్టే. డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. అది మమ్మల్ని పట్టించుకోలేదు.

తీగల సంగతి. ఈ జాతి పక్షులకి కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి. ఎగురుతూ కింద నేలను చూడటానికి తల వంచితే ఎదురుగా ఏముందో కనబడదు. తీగ దగ్గరికి వచ్చాక కనబడినా, ఆ బరువుతో చటుక్కున పక్కకి తిరగలేదు. వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు థార్‌లో ఏడాదికి 18 బట్టమేకలు తీగలకి తగిలి చస్తున్నాయని అంచనా వేశారు. నూట ఇరవై చిల్లర ఉన్నచోట పద్దెనిమిది! ఏడింట ఒకటి.

జింకకి తీగతో సంబంధమే లేదు. మా టవర్ కింద నీడలో పడుకుంటుంది.

---

తిక్కప్రశ్న | సోమవారం, మధ్యాహ్నం 1:50

తీగలు భూమిలో పాతమని సుప్రీంకోర్టు చెప్పింది కదా. ఎందుకు పాతలేదు?

---

టవర్‌లైన్ | సోమవారం, మధ్యాహ్నం 2:20

2021 ఏప్రిల్‌లో చెప్పింది. చిన్న లైన్లు, అంటే 33 కేవీ లాంటివి పాతొచ్చు, ఖర్చు ఎక్కువైనా. 400, 765 కేవీ లైన్లు వందల కిలోమీటర్లు భూమిలో వేయడం ఆచరణలో అయ్యే పని కాదని ప్రభుత్వం, కంపెనీలు మళ్లీ కోర్టుకెళ్లాయి. 2024 మార్చిలో కోర్టు పాత ఆదేశాన్ని మార్చి, నిపుణుల కమిటీని వేసింది.

మేం తీగలకి డైవర్టర్లు బిగిస్తున్నాం. అరచేయంత బిళ్లలు, గాలికి తిరుగుతూ మెరుస్తాయి. ఉపయోగం ఉంది, కానీ పూర్తిగా కాదు. ఎండకి, ఇసుక గాలికి ఊడి పడిపోతుంటాయి. పడినవాటిని మళ్లీ ఎక్కి బిగించే మనిషి ఎవరు అన్నది టెండర్లో ఉండదు. ఇంజనీర్‌గా నాకు సిగ్గనిపించే విషయం అదొక్కటే.

సోలార్ వద్దు అని మాత్రం నేను అనలేను. బొగ్గు కాల్చమంటారా?

---

కోసిగి_కుర్రాడు | సోమవారం, మధ్యాహ్నం 2:31

మన కర్నూలు సోలార్ పార్క్ కూడా బీడు నేలలోనే కదా వేసింది, వెయ్యి మెగావాట్లు. రికార్డుల్లో "బంజరు" అని రాస్తే చాలు, అక్కడ ఏమీ లేనట్టే లెక్క.

---

స్వప్న_పిట్టలు | సోమవారం, మధ్యాహ్నం 3:10

కోసిగి తమ్ముడూ, ఆ "బంజరు" అన్న మాట మీద వేరే చర్చ పెట్టు. అందరం వస్తాం.

---

డల్లాస్_బాబాయ్ | మంగళవారం, ఉదయం 6:45

ఆలస్యంగా చూశాను. నాకు తెలిసింది ఒకటి చెప్తాను, నవ్వుకోండి. మీ కృష్ణజింకలు ఇక్కడ టెక్సస్‌లో వేలల్లో ఉన్నాయి. 1930ల్లో ఎవరో రాంచ్ వాళ్లు తెచ్చి వదిలారట. మా ఆఫీసులో ఒకతను డబ్బు కట్టి ఒకదాన్ని కొట్టి, కొమ్ములు గోడకి తగిలించుకున్నాడు. నేను వాళ్లింటికి భోజనానికెళ్లి ఆ తల కింద కూర్చున్నాను. "ఇది మా రాష్ట్ర జంతువయ్యా" అంటే అతను నమ్మలేదు. ఫోన్‌లో చూపించాల్సి వచ్చింది.

ఇంకో విచిత్రం. పాకిస్తాన్‌లో ఇవి పూర్తిగా పోతే, 1970లో ఇక్కణ్ణుంచే తీసుకెళ్లి పెంచుకున్నారు. అంటే జింకని పెట్టెలో పెట్టి ప్రపంచంలో ఎక్కడ వదిలినా కాపురం పెట్టేస్తుంది.

---

స్వప్న_పిట్టలు | మంగళవారం, ఉదయం 9:15

బాబాయ్ గారు చెప్పింది పోలికలో పెద్ద పాయింట్. బట్టమేకని బంధించి పెంచడం ఎంత కష్టమో చూడండి. 2019లో ఎడారిలో గుడ్లు ఏరి తెచ్చి, జైసల్మేర్ దగ్గర సమ్‌లో ఇంక్యుబేటర్లో పొదిగించడం మొదలుపెట్టారు. ఆ పిల్లలు పెద్దవై వాటికవి గుడ్లు పెట్టేదాకా ఏళ్లు పట్టింది. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణతో ఒక పిల్ల పుడితే దేశమంతా వార్త అయింది. ఒక్క పిల్ల! జింకల పార్కులో అయితే ఈ పాటికి సంఖ్య ఎక్కువైందని ఎక్కడికి తరలించాలా అని తల పట్టుకుంటుంటారు.

---

తిక్కప్రశ్న | మంగళవారం, ఉదయం 10:00

సరే. కానీ గిట్టల జంతువులన్నీ తేలిగ్గా తేరుకుంటాయి, పిట్టలన్నీ తేరుకోవు అని రాసేయకండి. కాశ్మీర్ హంగుల్ దుప్పి సంగతేంటి? వందేళ్ల కింద వేలల్లో ఉండేది, 2021 లెక్కలో 261. దాచిగాం నేషనల్ పార్క్ లాంటి గట్టి కాపలా ఉన్న చోట కూడా పెరుగుదల నత్తనడకే.

---

స్వప్న_పిట్టలు | మంగళవారం, ఉదయం 10:40

ఒప్పుకుంటాను, ఇది సరైన ప్రశ్న. హంగుల్ కూడా ఒక్క లోయకి అతుక్కుపోయిన జంతువు. పిల్లలు తక్కువ, ఉన్న పిల్లల్ని చిరుతలు, ఎలుగులు తింటున్నాయి. ఎండాకాలంలో అది పైకి పోవాల్సిన మేత భూముల్లో గొర్రెల మందలు ఉంటాయి. కాబట్టి హంగుల్‌ది బట్టమేక లాంటి పరిస్థితే.

దానికి పూర్తి వ్యతిరేకం కజకిస్తాన్ సైగా జింక. 2015లో బ్యాక్టీరియా జబ్బు వచ్చి మూడు వారాల్లో రెండు లక్షలకి పైగా చచ్చిపోయాయి. మైదానం నిండా కళేబరాలే. అదే జింక ఇప్పుడు మళ్లీ లక్షల్లో ఉంది, 2023లో ప్రమాద జాబితాలో కిందికి దించారు. ఎందుకంటే ఎక్కువ ఈతల్లో కవల పిల్లలు, ఏడాది నిండకుండానే ఆడవి కడుపుతో ఉంటాయి. బట్టమేకకి అలాంటి దెబ్బ ఒక్కటి తగిలితే చరిత్రే.

అందుకే నన్నడిగితే గిట్టలా రెక్కలా అని చూడొద్దు. ఏడాదికి ఎన్ని పుడతాయి, వేరే మేతకి మారగలదా, దాన్ని చంపేది ఆపగలిగేదేనా, ఈ మూడూ చూడమంటాను.

---

డల్లాస్_బాబాయ్ | మంగళవారం, ఉదయం 11:20

బట్టమేకని జాతీయ పక్షి చేయమని పక్షి శాస్త్రవేత్త సలీం అలీ గట్టిగా చెప్పారని విన్నాను, నిజమేనా? "బస్టర్డ్" అన్న ఇంగ్లీషు పేరులో ఒక్క అక్షరం తప్పు పడితే బూతు అవుతుందని భయపడ్డారట.

---

స్వప్న_పిట్టలు | మంగళవారం, మధ్యాహ్నం 12:05

సలీం అలీ చెప్పింది నిజం. 1963లో నెమలికి దక్కింది. అక్షరం సంగతి అందరూ చెప్పుకునే ముచ్చట. "బట్టమేక" అని తెలుగులో రాసుకుంటే ఏ గొడవా ఉండేది కాదు.

---

జొన్నచొప్ప | మంగళవారం, సాయంత్రం 6:30

మేడమ్, ఒకటి అడుగుతా. పిట్ట మళ్లీ వస్తుందా? మా నాయనకి డెబ్బై ఎనిమిది. రోజూ అడుగుతాడు.

---

స్వప్న_పిట్టలు | మంగళవారం, రాత్రి 8:50

మీకు అబద్ధం చెప్పలేను. ఈమధ్య ఏళ్లలో రోళ్లపాడులో కనిపించడమే లేదన్నట్టు ఉంది. సమ్‌లో పుట్టిన పిల్లల్ని ముందు రాజస్తాన్‌లోనే వదలాలి, మన వంతు వచ్చేసరికి చాలా కాలం పడుతుంది. వచ్చినా ఇక్కడ జొన్న, కొర్ర, బీడు కలిసి ఉన్న నేల మిగలాలి.

కానీ ఒక పక్క కడప కలివికోడిని చూడండి. 1900 తర్వాత కనబడక పోయిందనుకున్నారు, 1986లో మళ్లీ దొరికింది. తర్వాత మళ్లీ మాయం. 2025లో కూత రికార్డు చేశారని వార్త వచ్చింది. అది చిన్న పిట్ట, రాత్రిపూట ముళ్లపొదల్లో తిరిగేది, కళ్లుగప్పొచ్చు. మీటరు ఎత్తున్న బట్టమేక ఎక్కడా దాక్కోలేదు. ఉంటే మీ నాన్నగారికే ముందు కనిపిస్తుంది.

---

రేగడి_నేల | మంగళవారం, రాత్రి 9:30

అందరికీ థ్యాంక్స్. మా వాడు చార్ట్ మొదలుపెట్టాడు. రెండు గడులు గీసి "శత్రువులు" అన్న వరసలో జింక కింద తోడేలు, కుక్క, మనిషి రాశాడు. పిట్ట కింద తీగ బొమ్మ వేస్తానని కూర్చుని, ఒక గీత గీసి, "నాన్నా ఇది బాలేదు, గీత లాగే ఉంది" అంటున్నాడు. టవర్‌లైన్ అన్నా, ఆ తిరిగే బిళ్ల ఫోటో ఒకటి పెట్టగలరా?

జొన్నచొప్పన్నా, శనివారం వీణ్ణి తీసుకుని మీ చేను దగ్గరికి రావచ్చా? మీ నాయన బట్టమేకను గురించి చెప్తే రాసుకుంటాడు. రాత్రికి కాపు కూడా చూడాలంటున్నాడు.

---

టవర్‌లైన్ | మంగళవారం, రాత్రి 9:48

రేపు సైట్‌కి వెళ్లాక తీసి పెడతా. ఊడి కింద పడింది ఒకటి నా దగ్గరే ఉంది, కావాలంటే కొరియర్ చేస్తా. చార్ట్‌కి అతికించమనండి.

---

జొన్నచొప్ప | బుధవారం, ఉదయం 5:35

రండి. పగలు వస్తే నాయన మాట్లాడతాడు, చీకటి పడితే నిద్రపోతాడు. పిల్లోడికి స్వెట్టరు, రగ్గు తెచ్చుకోండి, మంచె మీద చలి గట్టిగా ఉంటుంది. జింకల్ని బెదిరించే డబ్బా వాడి చేతికే ఇస్తా, వాయించుకోనీ. రాత్రి పన్నెండు మంది మగజింకలు దిగినాయి మళ్లీ.

---

కోసిగి_కుర్రాడు | బుధవారం, ఉదయం 7:02

"పన్నెండు మంది" 😄 జింకలకి కూడా మర్యాద ఇస్తున్నావన్నా

---

జొన్నచొప్ప | బుధవారం, ఉదయం 7:10

రోజూ ఇంటికొచ్చే చుట్టాలు కదా.